ర్యాంకులు వేస్తున్నరు సరే, పైసల గడి ఏది సార్?

సంపాదకులు గారికి నమస్కారం,

నేను వికారాబాద్ జిల్లాల ఒక మండలం కాడ జిరాక్స్, నెట్ షాపు నడుపుకునేటోన్ని. మండలం పేరు రాస్తలేను, రాస్తే రేపు పొద్దుగాల బడి సార్లే షాపు ముంగట నిలబడి "ఏందన్నా, మా ఇజ్జత్ తీసినవ్" అంటరు, దీంట్ల వాళ్ళ తప్పు ఏమీ లేదు మరి. మీ పేపర్ మా షాపుకు రోజు వస్తది. గిరాకీ లేనప్పుడు నేను చదువుత, ఉన్నప్పుడు లైన్ల నిలబడ్డోళ్ళు చదువుతరు.

పదో తరగతి రిజల్ట్ వచ్చిన మర్నాడు మా జిల్లా పేజీ హెడ్డింగ్ ఏముంటదో పేపర్ ఇప్పకుండనే చెప్పొచ్చు. మళ్ళా చివరి స్థానం. 2023ల 59.46 శాతం, చివర. 2024ల 65.10, చివర. 2025ల 73.97, అప్పుడు గూడ చివర్నే. రెండేండ్లల్ల 14 శాతం పైన పెరిగింది కదా, అదెట్ల పెరిగింది, ఎవరు కష్టపడితే పెరిగింది అని ఒక ముక్క రాసింది నాకైతే కనబడలే, "అట్టడుగున" అనే మాట మాత్రం పెద్దక్షరాలల్ల కనబడ్డది. షాపుకొచ్చిన ఒక పిల్లగాడు ఆ పేపర్ చూసి "అంకుల్, మన జిల్లానే గింతనా" అన్నడు, వాడు మంచిగనే పాసైండు, మార్కుల మెమో ప్రింట్ తీసుకోనికె వచ్చిండు.

పైసలు ఉన్న కాడ పిల్లలు పాసయితరు, లేని కాడ ఫెయిలయితరు అని నేను అంటలేను, ముందే చెప్తున్న. 2025ల ఫస్టొచ్చింది మహబూబాబాద్, 99.29 శాతం, అది మా లెక్కనే తండాలున్న జిల్లా. 2022ల అందరికన్న చివర ఉన్నది సాక్షాత్తు హైదరాబాదే, 79.63. పైగా ఆ శాతంల సర్కారు బడి, ప్రైవేటు, గురుకులం, కస్తూర్బా అన్నీ కలిపి ఒక్క కుండల పోసి ఉడకబెడ్తరు, ఇగ దాంట్ల ఏ మెతుకు ఏ బడిదో ఎవరికి తెల్వాలె. నా బాధ ఏందంటే జిల్లాల వారీగా పిల్లల మార్కులు వేస్తరు, బడుల సంఖ్య వేస్తరు, ఆ జిల్లా బడులకు ఏ దిక్కు నుంచి ఎన్ని పైసలు వచ్చినయో ఆ గడి మాత్రం ఎన్నడూ వెయ్యరు.

ఈ లెక్కలు నాకెట్ల తెలుసు అంటే, యూడైస్ అని కేంద్రం వాళ్ళ లెక్క ఒకటి ఉంటది, దేశంల ఉన్న ప్రతి బడి వివరాలు ఏడాదికోసారి దాంట్ల ఎక్కియ్యాలె. బడికొక 11 అంకెల కోడ్, మన తెలంగాణది 36తోని మొదలయితది, మా ఊరి బడి కోడ్ నాకు ఆధార్ నంబర్ లెక్క నోటికొచ్చు. ఏ లెక్కకైనా సెప్టెంబర్ 30 తారీఖే గీత. ఆ టైంకు సార్లు, మేడంలు, సీఆర్పీలు అంటే చుట్టుపక్కల బడుల లెక్కలు చూసుకునేటోళ్ళు నా షాపుల కూసుంటరు, వాళ్ళ బడిల నెట్ రాదు గద. గదులెన్ని, పనిచేసే మరుగుదొడ్లెన్ని, చేతులు కడుక్కునే జాగ ఉన్నదా, ర్యాంప్ ఉన్నదా, అన్నీ అడుగుతది ఆ ఫారం. గ్రాంటు ఎంత వచ్చింది ఎంత ఖర్చయింది అని గూడ అడుగుతది, అదే సార్ మజా. అంటే సర్కారు కాడ ఆ లెక్క ఉన్నది. ఒక్కొక్క బడి కార్డు ఇప్పి చూస్తే ఆ అంకె కనబడ్తది. కానీ జిల్లాకు మొత్తం ఇంత, పక్క జిల్లాకు ఇంత అని పక్కపక్కన పెట్టి ఎవ్వరూ చూపెట్టరు.

నిరుడు సెప్టెంబర్ ఆఖర్ల జరిగిన ముచ్చట చెప్త. వాన పడుతుంటే మా ఊరి ప్రైమరీ స్కూల్ హెచ్ఎం మేడం రిజిస్టర్‌ను ప్లాస్టిక్ కవర్‌ల చుట్టుకొని షాపుకొచ్చింది. రిజిస్టర్‌ల 32 పేర్లున్నయ్. మూడు పేర్ల పక్కన పెన్సిల్‌తోని చిన్న చుక్కలు పెట్టి ఉన్నయ్. ఆ ముగ్గురు ఒక్క ఇంటి పిల్లలు, తండ్రి మేస్త్రి పని చేస్తడు, రెండు వారాల కింద ఇంటిల్లిపాది పుణె పోయిండ్రు. టీసీ తీసుకోలే, "మళ్ళొస్తం మేడం" అన్నరంట. ఎనకట అయితే ఉన్నట్టే రాసుకునేటోళ్ళేమో, ఇప్పుడు ఫోన్‌ల పిల్లల మొఖం ఫొటో తీసి హాజరు వేస్తున్నరు, ఆధార్‌తోని ముడిపెట్టిండ్రు, దొంగ లెక్క నడ్వది, నడ్వొద్దు గూడ. మేడం కాసేపు ఆ చుక్కల దిక్కే చూసి "అన్నా, ఒక్క పది పదిహేను రోజులు ఆగి పోయి ఉంటే అయిపోవు" అన్నది, అని తనే నవ్వింది. కూలికి పోయేటోడు యూడైస్ తారీఖు చూసుకొని పోతడా. ఇగ 29 అని కొట్టినం.

ఆ 29కీ 31కీ తేడా ఏందో మీ పాఠకులకు తెల్వాలె. కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు తలల లెక్క మీద ఉంటది. 30 మంది దాక 10 వేలు, 31 నుంచి 100 దాక 25 వేలు, 250 దాక 50 వేలు, వెయ్యి దాక 75 వేలు, ఆపైన లక్ష. ఇది ఏడాది మొత్తానికి సార్, నెలకు కాదు. సున్నం, చాక్‌పీసులు, రిజిస్టర్లు, బల్బు, నల్లా రిపేరు, జెండా పండుగ బిళ్ళలు, అన్నీ అండ్లనే, దాంట్ల పదో వంతు శుభ్రతకు పెట్టాలె. అదీ ఒక్కసారి రాదు, సగం సగం వస్తది. ఇంకోటి, 2024 నుంచి మన రాష్ట్ర సర్కారు బడి ఊడ్చనికె, దొడ్లు కడగనికె నెలనెలా పైసలు ఇస్తున్నది, మంచి పనే, అంతకుముందు ఐదో తరగతి పిల్లలే చీపుర్లు పట్టేటోళ్ళు. అది గూడ తలల లెక్కే, 30 దాక నెలకు 3 వేలు, 31 నుంచి 100 దాక 6 వేలు, పది నెలలకు. ఇగ కూడండి. 31 మంది ఉంటే 25 వేలు, 60 వేలు, మొత్తం 85 వేలు. 30 అయితే 10 వేలు, 30 వేలు, మొత్తం 40 వేలు. ఒక్క పిల్ల తక్కువైతే 45 వేలు గాయబ్. ఆ 31వ పిల్ల విలువ 45 వేలు, 32వ పిల్ల విలువ సున్నా, 33వ పిల్ల విలువ సున్నా, అట్ల 100 దాక సున్నానే. మా కిరాణం సేటు గూడ ఇసొంటి లెక్క రాయడు.

బడి ఊడ్చే అవ్వకు ఈ ముచ్చట చెప్పబోతే ఆమె ఒక్కటే అన్నది, "యాప చెట్టుకు తెలుస్తదా బిడ్డా ఎందరు పిల్లలున్నరో, ఆకులు గన్నే రాల్తయ్." అంతే గద. గదులు అవే, దొడ్లు అవే, మైదానం అదే, పైసలు సగం.

ఇప్పుడు అసలు మర్మం చూడండి. ఈ లెక్కను తలసరి చేసి చూపిస్తే మా బడే ధనవంతుల బడి అయితది. 40 వేలను 29తోని భాగిస్తే పిల్లగానికి 1,379 రూపాయలు. అదే 900 మంది ఉన్న సిటీ పక్క హైస్కూల్‌కు కాంపోజిట్ గ్రాంటు 75 వేలు, ఊడ్చే పైసలు నెలకు 20 వేల లెక్కన 2 లక్షలు, మొత్తం 2 లక్షల 75 వేలు, భాగిస్తే పిల్లగానికి 305. సార్ల జీతాలు కలిపితే ఇంకా ఘోరం, మా దిక్కు 29 మందికి ఇద్దరు టీచర్లు, అక్కడ ఒక్క సెక్షన్‌ల 60 మంది. అందుకనే మీటింగులల్ల "మీ పల్లె బడుల మీదనే తలకింత అని ఎక్కువ ఖర్చు పెడుతున్నం" అని చెప్తరు. అది అబద్ధం కాదు. కానీ 29 మంది అంటే ఒక్క క్లాసు కాదు, ఐదు క్లాసులు, ఇద్దరు సార్లు, అండ్ల ఒకరు మీటింగుకో ట్రైనింగుకో పోతే ఒక్కరు. గేటు ఒక్కటే, బోరు ఒక్కటే, దాని రిపేరుకు మెకానిక్ మాత్రం తలలు చూసి తీసుకోడు.

మన ఊరు మన బడి అప్పుడు గూడ ఇదే అయింది. 2022 మార్చిల మొదలు పెట్టిండ్రు, 26,065 బడులు, 7,289 కోట్లు, మూడు విడతలు అన్నరు. మొదటి విడతల పిల్లలు ఎక్కువున్న బడులు చూసి 9,123 తీసుకున్నరు, బడులల్ల 35 శాతమే అయినా పిల్లలల్ల 65 శాతం వస్తరు అన్నరు. లెక్కకు అది కరెక్టే, నేనైనా అదే చేస్తుంటినేమో. కానీ మిగిలిన చిన్న బడులకు రెండో విడత, మూడో విడత అని చెప్పింది చెప్పినట్టే ఉండిపోయింది, సర్కారు మారింది, పథకం పేరు మారింది, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయ్. మా వదిన మహిళా సంఘం లీడర్ కాబట్టి మా ఊరి కమిటీకి ఆమెనే చైర్మన్. నల్లాలు, స్విచ్చులు, దొడ్డి తలుపులు బాగైనయ్, కాదనను. ప్రహరీ గోడ మాత్రం అది చేసే పని కాదు, దానికి పెద్ద పైసలు కావాలె, పెద్ద పైసలు పెద్ద బడులకే పోయినయ్.

పోయిన ఎండకాలం ముందు మా బావమరిది ఇంటికాడ ఫంక్షన్ ఉంటే శేరిలింగంపల్లి దిక్కు పోయిన. వాడు క్యాబ్ నడుపుతడు, పిల్లలు ఇద్దరు అక్కడి సర్కారు బడికే పోతరు. చూద్దాం పా అని పోయిన. గేటు మీద కంపెనీ బోర్డు, గోడల మీద బొమ్మలు, ఆరో ప్లాంటు, కంప్యూటర్లున్న గది, పెద్ద పెద్ద తెరలు. శనివారం శనివారం సాఫ్ట్‌వేర్ పిల్లలు టీషర్టులు వేసుకొని వచ్చి ఇంగ్లీష్ చెప్తరంట. మంచిగ అనిపించింది, అబద్ధమెందుకు, కొంచెం కడుపు మండింది గూడ. అక్కడ గూడ సుఖమేం లేదు, ఇంటర్వెల్‌ల దొడ్డి కాడ లైన్ చూస్తే మా షాపు కాడ రైతుభరోసా లైన్ యాదికొచ్చింది. ఇంకో విచిత్రం ఏందంటే వరండాల నిలబడ్డ పిల్లలను ఏ ఊరు బిడ్డా అని అడిగితే ఒకడు కొడంగల్ అన్నడు, ఒకామె పరిగి అన్నది, ఇంకొకడు బొంరాస్‌పేట. మా జిల్లాల తగ్గిన తలలు అక్కడ పెరిగినయ్. మాకు గ్రాంటు స్లాబు కిందికి, వాళ్ళకు పైకి. అన్నట్టు ఆ బడి నేల మీద పరిచిన బండలు గూడ మా తాండూరు నాపరాళ్ళే.

కంపెనీలది గూడ తప్పనను. చట్టం ప్రకారం లాభాలున్న పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజానికి పెట్టాలె, కంపెనీ చుట్టుపక్కల జాగకు ముందు చూడాలె అని గూడ చట్టంలనే ఉన్నది. ఇగ కంపెనీలు ఎక్కడున్నయ్, గచ్చిబౌలి, మాదాపూర్, కొండాపూర్. అవన్నీ రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబర్ 11 దాక మేం గూడ రంగారెడ్డి జిల్లానే సార్, అది గుర్తుపెట్టుకోండి. తాండూరు, పరిగి, వికారాబాద్, గచ్చిబౌలి అన్నీ ఒక్క జిల్లా లెక్కలనే ఉండె. కలెక్టర్ ఒక్కడే, డీఈఓ ఒక్కడే, ఇక్కడి కంపెనీ పైసలు అక్కడికి పెట్టమని ఒక్క సంతకంతోని అడిగే వీలుండె. జిల్లాను కోసిండ్రు, కొడంగల్ దిక్కు మహబూబ్‌నగర్ నుంచి తెచ్చి కలిపిండ్రు, ఐటీ అటు పాయె, కందిచేను, బండల గనులు, వలస ఇటు మిగిలె. జిల్లా దగ్గరైంది, ఆఫీసుకు పోనికె బస్సు కిరాయి తగ్గింది, అది నిజం. తలసరి ఆదాయంల రాష్ట్రంల అందరికన్న పైన రంగారెడ్డి, అడుగు వరసల మేము, రెండింటి నడుమ గీత మాత్రం మీరు చేవెళ్ళ దాటినంక కనబడని గీత.

మాకు గూడ సిమెంటు కంపెనీలున్నయ్ గద, గనుల పైసలు రావా అంటరు. వస్తయ్. జిల్లా ఖనిజ ఫౌండేషన్ అని 2015 నుంచి ఉన్నది, పాత లీజులైతే రాయల్టీల 30 శాతం దాంట్ల వెయ్యాలె. సున్నపురాయికి టన్నుకు రాయల్టీ 80 రూపాయలు, అంటే ఫౌండేషన్‌కు 24 రూపాయలు. అదే బొగ్గుకు రాయల్టీ ధరల 14 శాతం, టన్ను 3 వేలు అనుకుంటే 420, ఫౌండేషన్‌కు 126. ఇగ సింగరేణి ఉన్న పెద్దపల్లి, మంచిర్యాల, భూపాలపల్లి, కొత్తగూడెంకు ఎట్ల వస్తయో మాకు ఎట్ల వస్తయో మీరే చూడండి. వాళ్ళు దుమ్ము తింటున్నరు, బాంబుల మోతకు ఇండ్లు పగులుతున్నయ్, వాళ్ళకు రావాల్సిందే. గనులూ లేని, కంపెనీలూ లేని నారాయణపేట లాంటి జిల్లా బడి ఎవరిని అడగాలె, అది చెప్పండి.

సార్ల ముచ్చట గూడ పైసల ముచ్చటే, దాన్ని ఎవరూ అట్ల చూడరు. కొత్తగ చేరిన ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల సారు, బేసిక్ జీతం 31,040. ఇంటి కిరాయి అలవెన్సు జీహెచ్‌ఎంసీల పనిచేస్తే 24 శాతం, మా ఊర్లల్ల పనిచేస్తే 11 శాతం. నెలకు 4 వేల పైన తేడా, బేసిక్ పెరిగిన కొద్ది ఆ తేడా పెరుగుతది. సిటీల కిరాయిలు ఎక్కువ కాబట్టి ఇస్తున్నరు, సరే. కానీ మా దిక్కు పనిచేసే సార్లల్ల చానమంది ఇల్లు లింగంపల్లి దిక్కే ఉన్నది, పొద్దుగాల రైలెక్కి వికారాబాద్‌లనో తాండూరులనో దిగి, మళ్ళ ఆటోల ఊరికి పోతరు, సిటీ కిరాయి కడ్తరు, పల్లె అలవెన్సు తీసుకుంటరు. వాళ్ళు అటు ఎప్పుడు పోదామా అని చూడక ఏం చేస్తరు. 2021 డిసెంబర్‌ల 317 జీవో కింద కొత్త జిల్లాలకు టీచర్లను సీనియారిటీ చూసి పంచిండ్రు. సీనియారిటీ ఉన్నోడు ఏ దిక్కు కోరుకుంటడో చెప్పనికె పెద్ద చదువేం అక్కర్లేదు.

అమెరికాల ఉన్న మా చుట్టాల పిల్లగాడు మొన్న ఫోన్‌ల చెప్పిండు, అక్కడ బడి ఖర్చుల పెద్ద భాగం ఆ జాగల ఇండ్ల పన్నుల నుంచే వస్తదంట, అందుకే మంచి బడి ఉన్న కాడ ఇల్లు రేటు మండుతదంట, మనోళ్ళు ముందు బడి చూసుకొని తర్వాత ఇల్లు కొంటరంట. నయం మనకు అట్ల లేదు, అంతా సర్కారే ఇస్తది అన్న. అన్నంక ఆలోచన చేస్తే మనది గూడ దొడ్డిదారిన అట్లనే ఉన్నది. సర్కారు ఇచ్చేది కాగితం మీద అందరికి ఒక్కటే, ఆ పైన వచ్చేది మాత్రం బడి ఏ జాగల ఉన్నదో దాన్ని బట్టి.

సర్కారుకు నేను చెప్పేది చిన్నది. ఈ 30, 31 గోడ తీసెయ్యండి. బడి అన్నంక గేటు, బోరు, దొడ్డి, ఊడ్పు ఉంటయ్ కాబట్టి ప్రతి బడికి ఇంత అని ఒక అడుగు మొత్తం పెట్టి, దాని పైన పిల్లగానికి ఇంత అని కలపండి, ఒక ఇల్లు పుణె పోతే ముగ్గురి పైసలు పోతయ్ గానీ బడి సగం పైసలు పోవు. 2024-25 యూడైస్ లెక్కల్ల తెలంగాణల ఒక్క పిల్లగాడు లేని బడులు 2,245 అని వచ్చింది, బెంగాల్ తర్వాత మనమే. ఆ బడులు ఒక్కనాడే సున్నా కాలే గద, 60 నుంచి 31కి, 31 నుంచి 29కి, 29 నుంచి 12కి దిగుకుంటనే పోయి ఉంటయ్. ఇంకోటి, లెక్క సెప్టెంబర్ 30 నాడు ఒక్కసారే తియ్యకండి, నవంబర్‌ల ఇంకోసారి తియ్యండి. పత్తి ఏరే కాలంల మా దిక్కు బడికొచ్చి చూస్తే రిజిస్టర్ నిండుగ ఉంటది, గది సగం ఖాళీ ఉంటది.

మీకు చెప్పేది ఇంకొంచెం పెద్దది, కోపం చేసుకోకండి. మీ పేపర్ జిల్లాకొక పేజీ వేస్తది. వికారాబాద్ పేజీ వికారాబాద్‌లనే వస్తది, రంగారెడ్డి పేజీ రంగారెడ్డిలనే వస్తది. వాళ్ళ బడికి కంపెనీ వాళ్ళు ఏమిచ్చిండ్రో మాకు తెల్వదు, మా బడి గోడ ఎప్పుడు కూలిందో వాళ్ళకు తెల్వదు. ఇగ పోల్చుకునేది ఎట్ల. ఈసారి పదో తరగతి రిజల్ట్ వచ్చినప్పుడు 33 జిల్లాల పట్టిక ఎట్లాగు వేస్తరు కద, దాని పక్కన ఇంకొన్ని గడులు గీయించండి, ఆ జిల్లాల ఖాళీ ఉన్న టీచర్ పోస్టులెన్ని, బడులకు చేరిన గ్రాంటు ఎంత, కంపెనీల నుంచి ఎంత, గనుల పైసల నుంచి బడులకు పెట్టింది ఎంత. సమాచార హక్కు దరఖాస్తు మీ విలేకరులు పెట్టకుంటే నేను పెడ్త, పది రూపాయల ఫీజు, జిరాక్స్ ఎట్లాగు మనదే. సర్కారు బడుల శాతం విడిగా వేయండి, గురుకులం, ప్రైవేటు కలపకండి. అప్పటికి గూడ మేం చివరనే ఉంటే చివరనే అని రాయండి, ఒప్పుకుంటం.

హెచ్ఎం మేడం ఈ మధ్య సాయంత్రం సాయంత్రం అంగన్‌వాడీ కాడికి, తండాల దిక్కు తిరుగుతున్నది, ఇంకా ఇద్దరు దొరికితే 31. ఒకామె వాళ్ళ పిల్లను పంపిస్త అన్నదంట గానీ ప్రైవేటు బస్సు ఇంటి ముంగటికి వస్తున్నది, మా బడికి ప్రహరీ గోడ లేదు, రోడ్డు పక్కనే, పిల్ల ఉరుకుతదేమో అని భయపడుతున్నదంట. గోడకు పైసలు ఎక్కడివి అని మేడం నన్ను అడిగింది. నేను మీకు ఈ ఉత్తరం టైప్ చేసిన.

ఇట్లు,
మీ పాఠకుడు, జిరాక్స్ షాపు,
వికారాబాద్ జిల్లా